మోకాలికి అడ్డొచ్చిన ఉప్మా

రెండు ప్లేట్ల ఉప్మాతో ఒక సర్జన్‌ని, ఒక మత్తు డాక్టరమ్మని, పన్నెండు మంది ఖోఖో పిల్లలని ఒకేసారి ముంచిన మొనగాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, ఆ ఘనుణ్ణి నేనే.

కొన్నేళ్ళ కిందటి మాట. నాచారంలో ఒక బడికి డ్రిల్ మాస్టారిని. ఖోఖోలో స్తంభం చుట్టూ ఎలా తిరగాలో పిల్లలకు చూపించబోయి నేను తిరిగాను. మోకాలు మాత్రం తిరగనంది. లోపలి మెత్తటి గుజ్జు చిరిగిందన్నారు ఉప్పల్‌లో ఎముకల డాక్టరు.

"రెండు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ సరిచేస్తాం. సాయంత్రానికల్లా నడిపిస్తాం. మూడు వారాల్లో గ్రౌండులో ఉంటారు."

నాకు కావలసింది ఆ మూడు వారాల మాటే. ఆపరేషన్ తర్వాత సరిగ్గా నాలుగో శనివారం నాగారంలో ఆడపిల్లల ఖోఖో పోటీలు. రెండేళ్ళు మట్టిలో దొర్లి తయారైన జట్టు. గ్రౌండు గీత పక్కన నేను పరుగెడుతూ అరవకపోతే వాళ్ళకు కాళ్ళూ చేతులూ ఆడవని నా నమ్మకం.

శనివారం ఆపరేషన్. ముందు రోజు సాయంత్రం నర్సు ఫోన్ చేసింది.

"రాత్రి పన్నెండు దాటినంక ఏం తినొద్దు, ఏం తాగొద్దు సార్. ఖాళీ కడుపుతోని రావాలె."

"రేపు శనివారం గద సిస్టర్! నాకు ఎట్లయినా ఒక్కపొద్దే. పన్నెండేండ్ల సంది ఉంటున్న, ఫికర్ జేయకు."

నా ఒక్కపొద్దు సంగతి మీకు చెప్పాలి. వేంకటేశ్వరస్వామికి మొక్కుకుని, రాత్రి దాకా అన్నం మెతుకు ముట్టను. అన్నం కానిదేదీ మా ఇంట్లో తిండి లెక్కలోకి రాదు. ఉప్మా, అరటిపండు, చాయ్, ఇవన్నీ ఉపవాసానికి ఊతకర్రలు. పొద్దున్నే మా ఆవిడ సునీత జీడిపప్పు దట్టించి ఉప్మా చేసింది. "కోసుడున్నది, జర బలంగుండాలె" అని రెండోసారీ వడ్డించింది.

ఆసుపత్రిలో ఆకుపచ్చ గౌను తొడిగారు. మోకాలి మీద బాణం గుర్తు గీశారు. మత్తు డాక్టరమ్మ కాగితం పట్టుకుని వచ్చింది.

"పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా?"

"లేదు మేడం. ఉపవాసం."

"నీళ్ళు?"

"నీళ్ళు గూడ ముట్టలె." నిజమే మరి, చాయ్ తాగినవాడికి నీళ్ళెందుకు?

ఆమె టిక్కు పెట్టబోతుంటే సునీత కళ్ళు తుడుచుకుంది. "పాపం మేడం, పొద్దుగాల్నుంచి ఏం తినలే. గా రెండు ప్లేట్ల ఉప్మా తప్ప."

కలం ఆగింది. "ఉప్మానా?"

"ఉప్మా తిండెట్లయితది మేడం?" అంటూ లేచి కూర్చున్నాను, ఇంటి పరువు నిలబెట్టడానికి. "రెండు అరటిపండ్లు గూడ తిన్న. చాయ్ అయితే సగమే తాగిన!"

"మత్తులో ఉండగా అదంతా పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే? మోకాలు బాగానే ఉంటుంది, మీరే ఉండరు!"

సునీత నన్ను చూసిన చూపుకు ఆ రెండు ప్లేట్లూ అక్కడే అరిగిపోయాయి. గౌను విప్పించి ఇంటికి పంపారు. సర్జన్‌కు మళ్ళీ వీలు దొరికేది మూడు వారాల తర్వాతే. ఉప్మా తిననేల, మోకాలు పట్టుకుని ఏడవనేల! సోమవారానికల్లా ఈ కథ బడంతా పాకింది.

రెండోసారి ఉమ్ము మింగడానికి కూడా భయపడ్డాను. నడుముకు సూది వేశాక కింది సగం మొద్దుబారింది. అంతలో ఎవరిదో కాలు గాలిలోకి లేచింది.

"ఎవలదమ్మా గీ కాలు? గోర్లు గూడ తీసుకోలే!"

"మీదే సార్" అంది నర్సు.

పని సజావుగా అయిపోయింది. సాయంత్రం నడిపించారు కూడా. రోజూ మడమ కింద తువ్వాలు పెట్టి మోకాలిని నొక్కడం, ఐసు పెట్టడం. కానీ ఏడో రోజే పోటీలు వచ్చిపడ్డాయి.

నాగారం గ్రౌండులో గీత పక్కన నేను ప్లాస్టిక్ కుర్చీలో, కాలు స్టూలు మీద, చేతికర్ర ఒళ్ళో. పిల్లల రెండేళ్ళ కష్టం నా నోటి రుచికి బలైపోతోందని నిజంగానే ఏడుపొచ్చింది. అయినా గొంతు సవరించుకుని కెప్టెన్ శ్రావణిని గద్దించాను.

"ఆటకు ముందట ఏం తినొద్దని జెప్పిన. ఎవలన్న తిన్నరా?"

పన్నెండు మందీ చేతులు కట్టుకుని ఒకే గొంతుతో అన్నారు: "ఏం తినలే సార్! ఉప్మా తప్ప!"

గ్రౌండంతా నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆటలోకి దిగి గెలిచారు, నేను ఒక్క అడుగు పరుగెత్తకుండానే.

గెలిచినవాళ్ళకు నిర్వాహకులు పెట్టినదేమిటో చెప్పాలా? వేడివేడి ఉప్మా. శనివారం. చేతికర్ర మీద చెయ్యి వేసి, ఏడుకొండలవాడి సాక్షిగా ప్రమాణం చేశాను: "స్వామీ, ఇది తిండే. నేనీరోజు ఉపవాసం లేను. ఇక ఈ జన్మలో ఉప్మాను ఉపవాసమని అనను." ఆ తర్వాతే ప్లేటు అందుకున్నాను.