జపాన్ సీలు మీద మా నెలవంక

డబ్బా మీద జపాన్ అని అచ్చేసి ఉంటే చాలు, లోపల ఏముందని ఎవరూ అడగని రోజులవి. రేడియో అయినా, గడియారమైనా, చివరికి గోళ్ళు కత్తిరించుకునేదైనా సరే, జపానుదంటే చేతులు కడుక్కుని మరీ ముట్టుకునేవాళ్ళం. అలాంటి కాలంలో నేను నాచారంలో ఒక రేకుల షెడ్డులో ఇంజన్ ఆయిల్ సీళ్ళు తయారుచేసే పనిలో చేరాను. తయారుచేయడమంటే, అచ్చులోంచి వేడివేడిగా వచ్చిన రబ్బరు రింగుకు మిగిలిన అంచును బ్లేడుతో చెక్కి, బాగుందో లేదో చూసి బుట్టలో వేయడం. (ఇంట్లో మాత్రం 'క్వాలిటీ చూస్తా' అని చెప్పుకునేవాణ్ణి.) ఆ పనంటే నాకు పిచ్చి ఇష్టం. ఉప్పల్‌లో ఉండే మా మేనమామకు మాత్రం అదసలు పనిలాగే కనిపించేది కాదు. ఆయన సర్కారు ఆఫీసులో పెద్ద గుమస్తా. నన్ను తన పక్కన చిన్న గుమస్తాగా కూర్చోబెడితే తప్ప చెల్లెలి సంసారం ఒడ్డున పడదని ఆయన నమ్మకం.

ఆ ఎండాకాలం మామ నారపల్లి వైపు ఇటుకలు తోలిద్దామని ఒక ముసలి ట్రాక్టర్ కొన్నాడు. దాని ఇంజన్ వెనక నుంచి నూనె కారి క్లచ్ అంతా తడిసిపోయేది. గేరు వేస్తే మోత తప్ప కదలిక ఉండేది కాదు. (కదలకుండా అంత మోత చేయడంలో అది మామకు సరిజోడు.) మెకానిక్‌ను పిలిచి ఇంజన్ మొత్తం విప్పించాడు. వెనక వైపు నూనె ఆపే సీలు కొత్తది వేయాలన్నాడతను. ఆ సైజు మా షెడ్డులోనే తయారవుతుందని నేను నోరు జారాను.

"అయితే ఒక మాట," అన్నాడు మామ, అమ్మ ముందరే. "నువ్వు జేసిన సీలే ఏస్త. నూనె ఆగిందా, నీ పని గురించి మల్ల నోరెత్తను. కారిందా, సోమారం నా ఎంబడి ఆఫీసుకు రావాలె."

ఒప్పుకున్నాను. వెలుతురుకు పట్టి చూసి, లోపలి అంచును వేలితో తడిమి, ఉన్నవాటిలో మేలైనదాన్ని ఏరి జేబులో వేసుకుని, ఆదివారం చర్చి అయ్యాక మామ వాకిట్లో దిగాను. అప్పటికే అక్కడ పాత పేపరు మీద ఎర్రటి సూర్యుడి బొమ్మతో ఒక డబ్బా తళతళలాడుతోంది.

"సికింద్రాబాద్ పోయి తెచ్చిన. జపాన్ మాల్," అన్నాడు మామ. "ఇంజన్ తోని పందాలు ఆడుతరా ఎవలన్న. నువ్వు ఆఫీసుకే రా బిడ్డా."

పందెం కట్టింది ఆయనే, ఓడింది నేను, మధ్యలో ఆట జరగనే లేదు. ఒళ్ళు మండి ఆ డబ్బా విప్పాను. సీలు రబ్బరు మీద సన్నటి నెలవంక లాంటి గీత కనిపించింది. మా అచ్చులో ఒకచోట గీటు పడి ఉండేది. అందులో పుట్టిన ప్రతి సీలుకూ ఆ నెలవంక పుట్టుమచ్చలా వచ్చేది. ('నూనె కారదు గదా, వదిలెయ్' అనేవాడు మా సేటు.) మేం విడిగా అమ్మినవాటిని ఎవరో డబ్బాల్లో పెట్టి జపాన్ చేస్తున్నారన్నమాట. జేబులోది తీసి పక్కన పెట్టాను. రెండింటికీ ఒకేచోట, ఒకటే గీత.

"సూడు మామా. ఇది మా షెడ్డుల పుట్టిందే. డబ్బా ఒక్కటే జపాన్ది."

మామ కళ్ళజోడు సర్దుకుని రెండింటినీ చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. మెకానిక్ మామ ముఖం చూశాడు (జవాబు ఎటు వస్తే అటు తల ఊపడానికి).

"గట్లయితే మీ సేటు జపానోళ్ళది సూసి కాపీ కొట్టిండన్నట్టు," అన్నాడు మామ. "గీతతో సహా."

"అంతే గద సార్," అన్నాడు మెకానిక్.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. ఆ తిప్పడంలో ఏది డబ్బాలోదో, ఏది నా జేబులోదో ఎవరికీ తెలియకుండా పోయింది. మామ నన్ను అడగలేడు, అడిగితే రెండూ ఒకటేనని ఒప్పుకున్నట్టే. రెండింటినీ వాసన చూశాడు, అరచేతుల్లో బరువు చూశాడు, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన కూడా చేశాడు. చివరికి ఒకటి మెకానిక్ చేతిలో పెట్టి, "గిదే. వాసనల్నే తెలుస్తది," అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఏది ఎక్కినా నా బ్లేడు కింది నుంచి వెళ్ళిందే.

ఇంజన్ బిగించాక ట్రాక్టర్ నారపల్లి దాకా వెళ్ళి వచ్చింది. కింద పరిచిన పేపరు మీద చుక్క పడలేదు. "జపాన్ అంటే జపానే," అని మామ వాడకట్టంతా పిలిచి చూపించాడు. అమ్మ మాత్రం మిగిలిన సీలు చేతిలోకి తీసుకుని, "మరి గిది గూడ గట్లనే ఉన్నది గదా అన్నా," అంది. మామకు దగ్గు వచ్చింది. సోమవారం నేను షెడ్డుకే పోయాను.

కొన్నాళ్ళకు మామ మా షెడ్డు గేటు దగ్గర, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాడు. ఈసారి ఇంజన్ ముందు వైపు కారుతోందట.

"జర గా జపాన్ అసుంటిది ఒకటి ఉంటె ఇయ్యి బిడ్డా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "గీత ఉన్నదే సూసియ్యి."

గుమస్తా మాట మళ్ళీ ఆయన నోట నేను వినలేదు.

మొన్న కుక్కర్ గాస్కెట్ కోసం ఉప్పల్‌లో ఒక కొట్టుకు వెళ్ళాను. కొట్టతను విడిగా ఉన్నదొకటి తీసి, "నాచారం మాల్ సార్, మస్తుంటది," అన్నాడు. "అది గాదు, డబ్బాలది ఇయ్యి," అన్నాను, ఆలోచించకుండానే. ఇంటికొచ్చి డబ్బా విప్పి, గాస్కెట్‌ను వెలుతురుకు పట్టి, ఆ గీత కోసం చుట్టూ వెతికాను. అచ్చం మామలాగే వాసన కూడా చూశాను. గీత ఎక్కడా లేదు. నవ్వొచ్చింది, ఎందుకో కాస్త దిగులు కూడా వేసింది.