సూపర్‌హీరో ఎవరి తాలూకండి?

మా తోడికోడలు రామతులసి మీద నాకు చాలా కోపాలున్నాయి. ఈ ఇంటికి చిన్నకోడలిగా వచ్చిన నాటి నుంచి మూటగట్టుకున్నవి. ఆవిడ నాకంటే ముందు లేస్తుంది. నేను పులుసు పెడితే గిన్నెలో మిగులుతుంది, తను పెడితే గిన్నె తుడుచుకు తింటారు. నేనేదైనా పని మొదలుపెట్టి కాస్త తటపటాయిస్తే చాలు, "జరుగు దుర్గా" అంటూ పైటకొంగు నడుముకి దోపుకుని దిగిపోతుంది. తులసక్క కొంగు దోపిందంటే ఇక ఆ పని నాది కాదు. మా వీధిలో పెళ్లయినా, పేరంటమైనా, పెద్దకర్మయినా ఇదే వరస. వంటవాళ్లు చేతులెత్తేసిన చోట ఈవిడ కొంగు దోపుతుంది, భోజనాల బంతులు సాఫీగా సాగిపోతాయి.

ఇంత చేసినా ఆవిడ పేరు ఎక్కడా వినపడదు. మా పెద్దాపురంలో మనిషిని ముందు పేరడగరు. "ఎవరి తాలూకండి?" అంటారు. తులసక్కది ఈ ఊరే కాబట్టి పెళ్లికి ముందు నాన్నగారి తాలూకు, పెళ్లయ్యాక శ్యాంబాబుగారి తాలూకు. శ్యాంబాబుగారంటే మా బావగారు. ఎరువుల కొట్టు, పాతిక ఎకరాల మాగాణి, నలగని తెల్లచొక్కా, అన్నిటికీ మించి పరువు. చొక్కా నలిగినా ఊరుకుంటారేమో గానీ పరువు నలిగితే ఊరుకోరు.

కిందటేడు మా అత్తగారు అచ్చాయమ్మ స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కాకినాడలో ఆపరేషన్ చేసిన డాక్టరు, నడక సంగతి దేవుడికే వదిలేయమన్నాడు. మేమందరం ఏడుస్తూ కూర్చుంటే తులసక్క మాత్రం కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంది. ఉగాది వెళ్లాక అత్తగారు వాకర్ పట్టుకుని వీధి గుమ్మం దాకా నడిచొచ్చి పాలవాడిని తిట్టింది. ఆ రాత్రి భోజనాల దగ్గర తులసక్క ఆ గొణుగుడేమిటో బయటపెట్టింది.

"అత్తయ్యగారు లేచి నడిస్తే, జాతరలో వేషం కట్టి గుడి దాకా నడుస్తానని మన మరిడమ్మ తల్లికి మొక్కుకున్నానండి."

బావగారి చెయ్యి పెరుగన్నంలో ఆగిపోయింది.

"వేషమా? మన ఇంటి ఆడోళ్లా? కొబ్బరికాయ కొడతానని మొక్కుకోవచ్చు కదే!"

"కొబ్బరికాయలు అందరూ కొడతారు కదండీ" అంది తులసక్క. అత్తగారి కంచంలో పెరుగు వడ్డిస్తూ, "చిన్నప్పటి నుంచీ అరుగు మీద నిలబడి వేషాలు చూడ్డమే సరిపోయింది. ఒక్కసారి నేనూ ఆ దారంట నడవాలనుంది" అంది.

అప్పుడు నాకు అసలు సంగతి తెలిసింది. మొక్కు అత్తగారి కాలి కోసం, వేషం తన కోసం. ఇన్నేళ్లలో ఆవిడ తన కోసం ఏదైనా అడగడం నేను వినలేదు. ఆ ఒక్క క్షణం నా కోపాలన్నీ పక్కన పెట్టేశాను.

అత్తగారు కుర్చీలోంచే కొడుకు మీదికి లేచింది. "ఒరే, మొక్కు నా కాలి మీదుందిరా! తీర్చకపోతే అమ్మవారు నిన్నేం చేస్తుంది, మళ్లీ మంచాన పడేది నేను!"

తల్లి మాటకి బావగారు సగం దిగారు. మిగతా సగానికి షరతు పెట్టారు. మొహం కనపడకూడదు, గొంతు వినపడకూడదు. గుడి పక్క సందులో కారు పెట్టుకుని కూర్చుంటారు. తులసక్కని ఎవరైనా గుర్తుపట్టారో, అక్కడికక్కడే కారెక్కించి ఇంటికి తెచ్చేస్తారు. మొక్కు తీరినా తీరకపోయినా సరే.

ఇక ఏ వేషం కట్టాలన్నది పెద్ద తగువైపోయింది. అమ్మవారి వేషమైతే మొహం కనపడుతుంది. పులివేషమైతే ఒళ్లంతా కనపడుతుంది. భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి అశ్విని సెలవులకి వచ్చి ఉంది. అది ఫోన్లోంచి తలెత్తకుండానే, "మొహం దాచుకునే ఉద్యోగం ఒకటే ఉంది పెద్దమ్మా. సూపర్‌హీరో" అంది.

ఫోన్లో బొమ్మలు చూపించింది. అత్తగారు కళ్లజోడు సర్దుకుని ఒక బొమ్మ దగ్గర ఆగిపోయింది.

"అదేంటే, లోపలేసుకోవాల్సింది పైనేసుకున్నాడు? తొందరలో మర్చిపోయాడా పాపం?"

"అది స్టైల్ మామ్మా."

"మనకొద్దులే అమ్మా ఆ స్టైలు. వెనకాల ఆ కొంగేంటి?"

"కొంగు కాదు మామ్మా, కేప్. ఎగిరేటప్పుడు రెపరెపలాడుతుంది."

"కొంగే" అంది అత్తగారు, ఇంకేం మాట్లాడనక్కర్లేదన్నట్టు.

మర్నాటి నుంచి మా ఇంట్లో కుట్టుమిషన్ ఆగలేదు. ఇంటిల్లిపాదికీ జాకెట్లు కుట్టే చెయ్యి తులసక్కది, సూపర్‌హీరో ఆవిడకో లెక్కా! పసుప్పచ్చ లెగ్గింగు, దాని మీదికి మోకాళ్ల దాకా ఎర్రటి పొడుగు చొక్కా. బెల్టు బదులు ఫంక్షన్లకి పెట్టుకునే గిల్టు వడ్డాణం. గుండెల మీద ఇంగ్లీషు అక్షరం ఉండాలని అశ్విని పట్టుబట్టింది గానీ, మరిడమ్మ దగ్గరికి వెళ్తూ ఇంగ్లీషేంటని తులసక్క ఆకుపచ్చ గుడ్డతో వేపరెమ్మ కుట్టుకుంది. కేప్ కోసం అత్తగారు పెట్టె తెరిపించి తన పాత ఎర్రపట్టుచీర తీసి ఇచ్చింది. కత్తెర పెట్టబోతే నా ప్రాణం ఉసూరుమంది. ఆ చీర మీద నాకెప్పటి నుంచో కన్నుంది మరి. జరీ అంచు పోకుండా కత్తిరించింది కాబట్టి క్షమించాను.

ముసుగు దగ్గర చిక్కొచ్చింది. తులసక్క ముక్కుపుడక ఊళ్లో అందరికీ తెలుసు. తియ్యమంటే తియ్యదు. మెట్టెలూ అంతే. చివరికి నల్ల వెల్వెట్‌తో కళ్లు తప్ప ఏదీ కనపడకుండా గడ్డం దాకా ముసుగు కుట్టింది. మెట్టెలు కాన్వాసు బూట్లలోకి వెళ్లిపోయాయి.

తర్వాత అశ్విని నడక నేర్పించింది. నడుము మీద చేతులేసుకుని, గడ్డం పైకెత్తి, దూరంగా చూడాలి. తులసక్క అలాగే నిలబడింది. అచ్చం పనిమనిషి ఆలస్యంగా వచ్చిన రోజు తనెలా నిలబడుతుందో అలాగే ఉంది. "పర్వాలేదు, దుర్మార్గులు ఇంకా భయపడతారు" అంది అశ్విని. ఆ రోజు ఇంట్లో మేం ఆడవాళ్లం నవ్విన నవ్వులకి బావగారు కొట్టుకి వేళ కాకుండానే వెళ్లిపోయారు.

ఆషాఢంలో జాతర మొదలై, మా వీధి సంబరం రోజు రానే వచ్చింది. పొద్దుటి వాన వెలిసి సాయంత్రానికి ఆకాశం తేటపడింది. ముందు డప్పులు, వెనక నెత్తిన అమ్మవారి గరగలు ఎత్తుకున్నవాళ్లు, ఆ వెనక వేషాలు. దేవుళ్లు, రాక్షసులు, పులులు, వాళ్ల మధ్య ఎర్రచొక్కా, పసుపు కాళ్లు, జరీ అంచు కేప్‌తో మా తులసక్క. అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్న అత్తగారు ఎవరో తెలియనట్టు మొహం పెట్టి, చేతులు మాత్రం జోడించింది.

నేను పక్కనే కాపలాగా నడిచాను. పిల్లలు సెల్ఫీల కోసం ఎగబడ్డారు. పెద్దవాళ్లది ఒకటే ప్రశ్న, "ఎవరి తాలూకండి?" ముసుగు వేసుకుంటే మనిషి దాగిపోతాడనుకోవడం వేరే ఊళ్లవాళ్ల నమ్మకం. మా ఊళ్లో ముసుగుకి కూడా తాలూకు కావాలి.

రిటైరైన మాస్టారు చిట్టియ్యగారు మరీనూ. మా జిల్లాలో ఎవరి ముత్తాత ఎవరికి మేనమామో ఆయనకి కంఠతా వచ్చు. ఎదురొచ్చి నిలబడ్డారు.

"ఎవరమ్మా ఈ పిల్ల?"

"కాకినాడ నుంచి పిలిపించామండి, ఆర్టిస్టు" అన్నాను.

"కాకినాడలో ఎవరి తాలూకు?"

"జగన్నాథపురమండి."

"జగన్నాథపురంలో ఎవరి తాలూకు?"

నాకు అబద్ధాలు అయిపోయాయి. ఇంతలో తులసక్క కొంప ముంచే పని చేసింది. ఎదురుగా పెద్దమనిషి నిలబడ్డాడని కేప్ అంచు ముందుకి లాక్కుని, భుజాల చుట్టూ నిండా కప్పుకుని, తల వంచుకుంది! చిట్టియ్యగారు కళ్లు చిట్లించి చూశారు.

"చాలా మర్యాదస్తురాలమ్మా. పెళ్లయిందా?"

"ఆయ్" అంది తులసక్క లోపల్నుంచి. నేను కళ్లు మూసుకున్నాను. కానీ ఏం కాలేదు. గోదావరి జిల్లాల్లో "ఆయ్" అన్న గొంతుని బట్టి మనిషిని పట్టుకోవడం పోలీసుల వల్ల కూడా కాదు. ఆయన తృప్తిగా పక్కకి తప్పుకున్నారు.

గుడి గోపురం కనపడింది. ఇంకాస్త దూరం, అంతే. అక్కడ ఎవరో పొరుగూరి కుర్రాళ్లు పందిరి వేసి పులిహోర పంచుతున్నారు. ఊరేగింపు రాగానే జనం ఒక్కసారిగా మీద పడ్డారు. పంచేవాళ్లకి చేతులాడలేదు. విస్తరాకులు కింద పడి బురదలో కలిశాయి. ఒక ముసలమ్మ బల్లకీ జనానికీ మధ్య నలిగి "అయ్యో, అయ్యో" అంటోంది. పులిహోర గంగాళం బల్ల అంచు మీద ఒక పక్కకి ఒరిగింది.

తులసక్క ఆగింది.

"వద్దక్కా" అని చెయ్యి పట్టుకున్నాను. "బావగారి కారు ఆ పక్క సందులోనే ఉంది. గుడి వచ్చేసింది, కళ్లు మూసుకుని నడిచెయ్యి. నీ మొక్కక్కా!"

నా చెయ్యి మెల్లిగా విడిపించుకుంది. కేప్ ఒక్క విసురున ముందుకి లాగి, గిల్టు వడ్డాణంలోకి కొంగులా దోపుకుంది.

నాకిక అడ్డం రావాలనిపించలేదు. ఒక చేత్తో గంగాళం నిలబెట్టింది, ఇంకో చేత్తో ముసలమ్మని లోపలికి లాగి స్టూలు మీద కూర్చోబెట్టింది. పంచే కుర్రాడి చేతిలోంచి గరిట లాక్కుని, ముసుగులోంచి గొంతెత్తింది.

"ముందు పిల్లలకండి! తోసుకోకండి, అందరికీ ఉంది! బాబాయ్‌గారూ, మీరు పెద్దవారు, మీరే ఇలా చేస్తే ఎలాగండి? వెనక్కి జరగండి!"

బాబాయ్‌గారు వెనక్కి జరిగారు. ఆయన వెనక అందరూ జరిగారు. గీత గీసినట్టు వరస కట్టారు. స్టూలు మీద ముసలమ్మ ఆ దోపిన కొంగుని తేరిపార చూసింది.

"ఓలమ్మో, మన తులసమ్మండోయ్!"

అంతే. "తులసమ్మగారా?" "రామతులసమ్మగారండీ!" "మా పిల్ల పెళ్లిలో వడ్డించింది ఈవిడే!" అంటూ పేరు ఆ వరస చివరిదాకా పాకిపోయింది. ఆవిడ పేరు ఎవరికీ తెలియదనుకున్నదాన్ని నేనే. పెద్దాపురం సగం ఆవిడ చేతి అన్నం తిన్నది, పేరు తెలియకేం! నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మరుక్షణం ఏడుపే మిగిలింది. బావగారు సందులోంచి వస్తున్నారు. చేతిలో కారు తాళాలున్నాయి. మొహం ఎర్రగా ఉంది. తులసక్క కూడా చూసింది. ఇక దాచేదేముందని ముసుగు పైకి ఎత్తేసింది. చెమటతో తడిసిన మొహం మీద ముక్కుపుడక తళుక్కుమంది. గోపురం వైపు ఒకసారి చూసి, తల దించుకుని, చేతిలో ఉన్న ఆకులో పులిహోర వేసి ముందున్న పిల్లాడికి అందించింది.

బావగారు వరసని తోసుకుంటూ పందిరిలోకి రాబోయారు. పొరుగూరి కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టాడు. వాడికి ఎరువుల కొట్టూ తెలియదు, పాతిక ఎకరాలూ తెలియవు.

"లైన్లో రండి సార్."

"నేను లోపలికెళ్లాలి."

"లోపలికి మా వాళ్లకేనండి. మీరెవరి తాలూకండి?"

జీవితంలో ఆ ప్రశ్న బావగారిని ఎవరూ అడిగి ఉండరు. వరసలో వాళ్లంతా ఇటు తిరిగారు. ఆయన వాళ్లని చూశారు, స్టూలు మీద ముసలమ్మని చూశారు, జరీ కొంగు దోపుకుని గరిట పట్టుకుని నిలబడ్డ భార్యని చాలాసేపు చూశారు. తాళాలు జేబులో వేసుకున్నారు.

"నేను ఆవిడ తాలూకండి" అన్నారు.

"ముందే చెప్పచ్చు కదండీ. రండి, ఆ నీళ్ల జగ్గందుకోండి" అన్నాడు కుర్రాడు.

తెల్లచొక్కా మీద నీళ్లొలుకుతున్నా లెక్కచెయ్యకుండా బావగారు గంగాళం అడుగంటేదాకా తులసక్క వెనకాల నీళ్లు పోశారు. తర్వాత ఇద్దరూ గుడి దాకా నడిచారు, మొక్కు తీరింది. ఇంటికీ ఆ వేషంతోనే, అడిగినవాళ్లందరికీ సమాధానం చెప్పుకుంటూ నడిచే వచ్చారు. కారు ఆ సందులోనే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్న వెళ్లి తెచ్చుకున్నారు.