బుగ్గలొచ్చినంక పంపుత

ఆ రోజుల్లో ఒళ్లు చేయడమంటే సంబరం. ఇప్పటిలా చేతికి గడియారాలు కట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ, అన్నం గిన్నెని దొంగని చూసినట్టు చూసే కాలం కాదు. సూరత్‌లో మా లింబాయత్ గల్లీలో మనిషి మనిషికి ఎదురైతే మొదటి పలకరింపే "గిట్ల చిక్కినవేంది?" అని. అలాంటి చోట నేను పనిగట్టుకుని చిక్కిపోవాలనుకున్నాను. ఎందుకో చెబితే నవ్వుతారు. నవ్వండి, ఇన్నేళ్ల తర్వాత నాకూ నవ్వే వస్తోంది, వెనకాలే కాస్త ఏడుపు కూడా.

మాది సిరిసిల్ల. పెళ్లి చేసుకుని సూరత్ వచ్చేశాను. కింద సాంచాలు (మరమగ్గాలని మావాళ్లు అలాగే అంటారు), పైన మా రెండు గదులు. అత్తమ్మ మంచిది. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. ఒక్కటే లోపం, నన్ను పుట్టింటికి పంపదు. ఎప్పుడడిగినా "పంపుత గాని జర ఆగు పిల్లా" అంటుంది. ఎందుకు ఆగాలో చెప్పదు. అమ్మ మీద బెంగతో నాకు ఏ పనీ తోచేది కాదు. తల దువ్వుతూ నెత్తిన మొట్టే ఆ మొట్టికాయలు, పిండిలో ఉప్పు ఎక్కువైందని తిట్టే ఆ తిట్లు, అన్నీ కావాలనిపించేవి. ఫోన్లో మాట్లాడదామంటే సగం మాటలు సాంచాల మోతలో పోయేవి, మిగతా సగం నా ఏడుపులో పోయేవి.

అంతలో పక్క గల్లీలో ఒక కోడలికి కామెర్లొచ్చి పుల్లలా అయిపోతే, వాళ్ల నాన్న వచ్చి తీసుకుపోయాడు. నాకు దారి దొరికింది! కామెర్లు మన చేతిలో లేవు కానీ పుల్లలా అవడం మన చేతిలో పనే కదా. ఆ రోజు నుంచి తిండి మానేశాను. నా వంతు రొట్టెలు కొంగు చాటున పట్టుకుపోయి గల్లీలో ఆవుకి పెట్టాను. (ఆ ఆవు నిగనిగలాడిపోయింది. దాని యజమాని మా ఆయనతో "మా ఆవు చూడు భాయ్, ఎట్లుందో" అని మురిసిపోయేవాడు.) దవడలు లోపలికి పోయాయి. అద్దంలో చూసుకుని, ఇంక రైలెక్కడమే తరువాయి అనుకున్నాను.

నా మొహం చూసి అత్తమ్మ గుండె బాదుకుంది. రైలు టికెట్టు తెస్తుందనుకుంటే, పక్కింటి బాని తెచ్చింది. బా అంటే గుజరాతీలో పెద్దావిడ. చలికాలం వస్తే వాళ్లింట్లో వసాణు చేస్తారు, అంటే ఒంటికి సత్తువనిచ్చే లడ్డూలు: నెయ్యి, బెల్లం, తుమ్మ జిగురు, వాటిలో అశ్వగంధ వేరు పొడి. "అరే, ఇది మన పెన్నేరు గడ్డనే గదా!" అని అత్తమ్మ గుర్తుపట్టింది. ఇంకేం, డబ్బా నిండా లడ్డూలు. పొద్దున ఒకటి, రాత్రి పాలతో ఒకటి. బా ఎదురుగా కూర్చుని "ఖా దీకరీ, ఖా" (తిను బిడ్డా, తిను) అంటే, తినను అనే ధైర్యం ఎవరికుంటుంది? నేను మారాం చేస్తే అత్తమ్మ ఇంకో ఎత్తు వేసింది.

"నువ్వు తింటెనే నేను తింట. నువ్వొకటి, నేనొకటి. చూద్దాం ఎవరు గెలుస్తరో."

ఆ లడ్డూ చేసిన ద్రోహం ఇంతా అంతా కాదు. పడుకుంటే సాంచాల మోత కూడా వినబడనంత నిద్ర. లేస్తే ఆకలి. ఆవు గేటు దగ్గర ఎదురుచూస్తూనే ఉంది, దాని రొట్టెలు మెట్లు దిగేలోపే నా నోట్లోకి పోతున్నాయి. ఏడుస్తూ తిన్నాను, తింటూ ఏడ్చాను. బుగ్గలు పొంగిన కొద్దీ అమ్మ దూరమైపోతోందని బాధ.

నాకు అలా అయితే, అత్తమ్మకి ఇంకోలా అయింది. చేతులు వణకడం మొదలైంది. కూర్చున్న చోటే గుండె దడదడలాడుతోందంది, చెమటలు పట్టాయి. నా బెంగంతా ఎటో పోయింది. ఆటోలో అడాజన్‌లో ఉన్న తెలుగు డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాం. ఆవిడ నాడి చూసి, అన్నీ అడిగి, అడగాల్సింది చివర్లో అడిగింది.

"థైరాయిడ్ మాత్ర వేసుకుంటూ అశ్వగంధ ఎవరు తినమన్నారమ్మా?"

"నేను మందు తినలేదు మేడమ్, లడ్డు తిన్న" అంది అత్తమ్మ.

"లడ్డూలో పెడితే మందు మందు కాకుండా పోతుందా? కొందరికి దాంతో నిద్ర బాగా పడుతుంది, నిజమే. కానీ మీలా థైరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు అడక్కుండా తినకూడదు. ఈ అమ్మాయి కూడా, నెల తప్పితే అసలు ముట్టకూడదు. ఇంతకీ ఈ అమ్మాయికి ఎందుకు పెడుతున్నారు?"

"బుగ్గల కోసం మేడమ్."

"బుగ్గలొచ్చింది వేరుతో కాదమ్మా, నెయ్యితో" అని డాక్టరమ్మ నవ్వేసింది. అత్తమ్మ మాత్రం నవ్వలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"గట్ల పుల్ల లెక్కున్న పిల్లను పుట్టింటికెట్ల పంపుత మేడమ్? వాళ్లమ్మ చూస్తె, నా బిడ్డకు తిండి పెడుతలేరనుకోదా? బుగ్గలొచ్చినంక పంపుదామని వచ్చిన కాడికెల్లి చూస్తున్న. తిన్నకొద్ది చిక్కుతనే ఉండె!"

పంపాలని ఆవిడ తినిపిస్తోంది, పోవాలని నేను మానేస్తున్నాను! ఆవుకి పెట్టిన రొట్టెలన్నీ నేనే తిని ఉంటే దసరాకే అమ్మ ఒళ్లో ఉండేదాన్ని కదా. అక్కడే అత్తమ్మ చేయి పట్టుకుని భోరుమన్నాను. వేరు తిని ఏడుస్తున్నానేమోనని డాక్టరమ్మ నాకూ నాడి చూసింది.

లడ్డూలు ఆపేస్తే అత్తమ్మ దడ తగ్గింది. ఆవిడ కోలుకున్నాక, నిండు బుగ్గలతో సిరిసిల్లలో బస్సు దిగాను. అమ్మ గడపలోకి పరిగెత్తుకొచ్చి, నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, తేరిపార చూసి గొల్లుమంది.

"ఏందే బిడ్డా, ఎంత చిక్కినవే!"

ఆ సాయంత్రమే అత్తమ్మ ఫోన్. "మీ అమ్మ ఏమన్నది పిల్లా?" గొంతులో అంత భయం ఎప్పుడూ వినలేదు. "బుగ్గలు మస్తుగొచ్చినయన్నది అత్తమ్మా" అన్నాను. ఆవిడ నవ్విన నవ్వుకి వెనకాల సాంచాల మోత కూడా వినబడలేదు.

ఇప్పుడు సూరత్‌లోనే ఆల్థాన్‌లో ఫ్లాటు. సాంచాల మోత లేదు, అత్తమ్మ లేదు, అమ్మా లేదు. థైరాయిడ్ మాత్ర నాకూ వచ్చింది. మొన్న అదే డాక్టరమ్మ దగ్గరికి పోతే (ఆవిడ జుట్టూ నెరిసింది) బరువు చూసి, "తగ్గాలమ్మా, బాగా తగ్గాలి" అంది. నవ్వొచ్చింది. ఆ మిషను మీద అలాగే నిలబడి, ఇప్పటికిప్పుడు సిరిసిల్ల బస్సెక్కాలనుకున్నాను. ఇంత ఒళ్లేసుకుని పోయినా సరే, గడపలో నా మొహం పట్టుకుని, ఎంత చిక్కినవే బిడ్డా అనేది మా అమ్మ.