చుట్టాలకు చూపిన సముద్రం

మా చెల్లెలి కూతురు సముద్రపు అడుగున బతికే పీతలు, గవ్వలు, పురుగులు, నక్షత్ర చేపల మీద పరిశోధన చేస్తోంది. ఇనుప చట్రానికి కెమెరా, లైటు బిగించి, పడవ మీంచి తాడుతో దించి అడుగును ఫోటోలు తీస్తారు. ఎక్కడెక్కడ దించాలో ముందే గుర్తులు పెట్టుకుంటారు. మంచి చోటు, చెడ్డ చోటు అని చూడకూడదు. విలేకరిగా రేపల్లె వైపు తీరమంతా తిరిగినవాణ్ణి కనుక నన్ను పడవ మాట్లాడిపెట్టమంది. తెనాలి నుంచి రేపల్లె రైలెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో రేవుకు వెళ్లాం.

పడవ పెద్దాయన నాకు పాత పరిచయం. మరబోట్ల వలలు ఒడ్డు దగ్గర అడుగంతా గీకేస్తున్నాయని, చిన్న పడవలకు చేప దొరకడం లేదని ఏళ్ల తరబడి అర్జీలు పెడుతున్నాడు. రుజువేదని మత్స్యశాఖ ఆఫీసులో అడుగుతారు. ఈ ఫోటోలే రుజువవుతాయని ఆయన ఆశ.

సముద్రంలోకి వెళ్లగానే అలలకు మేనకోడలు వాంతులు చేసుకుని పడుకుంది. నేను పడవ అంచు వదల్లేదు.

"ఏంటి బాబాయిగారండీ, పేపర్లో రాసినప్పుడు సముద్రం ఇంత ఊగలేదా?" అని పెద్దాయన నవ్వాడు. "అమ్మాయిగారిని పడుకోనివ్వండి. ఆవిడ చెప్పిన చోట్లన్నీ నా జీపీఎస్ మిషన్లో ఎక్కించుకున్నాను."

మొదటి రెండు చోట్లా కెమెరాకు కలిపిన తెరమీద బురద తప్ప ఏమీ లేదు. తర్వాత వరసగా పీతలు, గవ్వల గుంపులు, రేకులు విప్పుకున్న పూలలాంటి జీవులు. ఇంకా ఇంత ప్రాణముందా అని నేనూ సంతోషించాను. మూడు రోజులు అలాగే గడిచాయి.

మూడో రోజు సాయంత్రం బాపట్లలో, చెల్లెలింట్లో, కెమెరాలో నమోదైన చోట్లను మేనకోడలు తన గుర్తులతో సరిచూసుకుంది. మొదటి రెండు తప్ప అన్నీ ఒకే చోట కుప్పబడి ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే రేవుకు వెళ్లి అడిగాం.

"అవునమ్మా, పడవ నేనే అటు తిప్పాను. మీరు చెప్పిన చోట ఏముంది, ఉత్త బురద! పాత బోటు మునిగిన చోట వల చిరుగుతుందని ఎవరూ రారు. అక్కడైతే అన్నీ ఉంటాయి. ఇంటికొచ్చిన చుట్టాలకి ఖాళీ గిన్నె చూపిస్తామేంటి?"

"ఆ ఉత్త బురదే కదా తాతా మనకి కావల్సింది," అంది మేనకోడలు. అరవలేదు. అరిచినా బాగుండేది.

ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "పదండమ్మా, మళ్లీ పోదాం," అని తాడు అందుకున్నాడు. కానీ అద్దెకు తెచ్చిన కెమెరా ఆ రోజే వెనక్కి పంపాలి. పైగా రేవులో తుపాను జెండా ఎగరేశారు.

మునిగిన బోటు దగ్గరి ఫోటోలు ఆమె పరిశోధనకూ పనికిరాలేదు. బురద ఫోటోలు రెండూ అచ్చు వేయించి, అర్జీ నేనే రాసి, పెద్దాయనతో కలిసి ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో ఏముందండి?"

"ఏమీ లేదండి," అన్నాడు పెద్దాయన.

"ఏమీ లేనిదానికి అర్జీ ఏంటి?" అని గుమాస్తా ఫోటోలు మా వైపు జరిపాడు.