పెద్దమ్మ చెవిలో తీగ

మొన్న ఆదివారం పొద్దున ఉప్మా ముందర కూర్చున్నానో లేదో ఫోను టింగుమంది. మా లైబ్రేరియన్ల గ్రూపు. ఆదిభట్లలో విమానాల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో కొత్తగా చేరిన అమ్మాయి, ఏదో రబ్బరు వాషరు కొలతలున్న పాత కాగితం, ఇప్పుడు ఎవరూ వాడనిది, మీలో ఎవరి దగ్గరైనా ఉందా అని అడిగింది. సెలవు రోజు రబ్బరు వాషరు గోల ఎవరికి కావాలి అనుకుంటారు మీరు. నేను చెయ్యి కడుక్కొని వచ్చేలోపే మెసేజీలు వరసకట్టాయి. వాటిలో అన్నిటికంటే ముందు వచ్చింది మాత్రం జవాబు కాదు, ఎదురు ప్రశ్న. "ఎవరికి? ఎందుకు?" అని. పంపిన కుర్రవాడు ఒక లా కాలేజీ లైబ్రేరియన్. ఆ రెండు మాటలు మాకు అలవాటు చేసింది మా వదిన అని అతనికి తెలిసి ఉండదు.

లైబ్రరీ అనగానే జనానికి దినపత్రికలు, నవలలు, ఫ్యాను కింద కునుకు తీసే పెద్దమనుషులు గుర్తొస్తారు. మా లైబ్రరీలు అలాంటివి కావు. ఒకరి దగ్గర వైద్యం పుస్తకాలే ఉంటాయి, ఒకరి దగ్గర కోర్టు తీర్పులే, ఇంకొకరి దగ్గర నేలల పటాలే. నేను ఇబ్రహీంపట్నం దాటాక ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఉంటాను. ఇంటికొచ్చిన చుట్టాలు "ఏదన్న మంచి కతల పుస్తకం తేరాదు" అని అడిగితే, నేను తేగలిగింది కాంక్రీటు ఎందుకు పగులుతుందో చెప్పే పుస్తకం ఒక్కటే. పైగా ఒక్కో చోట ఒక్కరమే ఉంటాం. మేం పొద్దంతా ఏం చేస్తామో పక్క గదిలో అకౌంట్లు రాసేవాడికి కూడా తెలియదు. అందుకేనేమో ఒకరంటే ఒకరికి ప్రాణం. రెండు మూడు నెలలకోసారి ఎవరో ఒకరి లైబ్రరీలో కలుస్తాం. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు వాళ్లవి. వచ్చేవాళ్లు తమకు ఎంతకీ తెగని ప్రశ్న ఒకటి వెంట తెచ్చుకోవాలి. వాటిని మేం మొండి ప్రశ్నలు అంటాం. ఎవరి మొండి ప్రశ్న తెగినా అందరికీ పెళ్లిభోజనం చేసినంత తృప్తి.

వదిన మా పెద్దమ్మ కోడలు. పట్నంలో ఒక పెద్ద దవాఖానలో డాక్టర్లు చదువుకునే లైబ్రరీ ఆమెది. రోజూ ఇబ్రహీంపట్నంలో బస్సెక్కి సాగర్ రోడ్డు మీద పోయి, పొద్దుగూకి వచ్చేది. పెద్దమ్మ మాత్రం వాడకట్టు మొత్తానికి "నా కోడలు పెద్ద దవాఖానల పనిచేస్తది" అని చెప్పి పెట్టింది. దాంతో మోకాళ్ల నొప్పులవాళ్లు, షుగరు చీటీలవాళ్లు అరుగు మీద వదిన కోసం కాచుక్కూర్చునేవారు. డాక్టరమ్మనా, నర్సమ్మనా అని ఎవరైనా గట్టిగా అడిగితే పెద్దమ్మ కాస్త ఇబ్బంది పడి, "అట్ల గాదు, ఆడ పుస్తకాలకు కావలుంటది" అనేది. కొడుకు బుద్ధి తక్కువై కావలి పనిచేసే పిల్లను చేసుకున్నాడని ఆమెకు లోపల కొంచెం బాధే. వదిన నవ్వి ఊరుకునేది గాని, ఆ నవ్వు సగమే ఉండేది.

పనిలో మాత్రం ఆమె ముందు ఎవరి ఆటలూ సాగవు. ఒకసారి ఒక డాక్టరు హడావిడిగా వచ్చి, కిడ్నీల మీద మీ దగ్గర ఏమేం ఉన్నాయో అన్నీ తియ్యమన్నాడట. వదిన లేవలేదు. ఎవరికి, ఎందుకు అని అడిగింది. అడగ్గా అడగ్గా తేలిందేమిటంటే, ఒక ముసలాయన ఉపవాసాలుంటున్నాడు, గోలీలు ఏ వేళకు వేసుకోవాలో చెప్పాలి, అంతే. ఒక్క పేజీతో తీరిపోయింది. ఆ సంగతి మా కలయికలో చెప్పి, మనిషిని చూడకుండా పుస్తకం ఇస్తే గుడ్డిగా మందిచ్చినట్టే అని అందరికీ క్లాసు పీకింది. ఆనాటి నుంచి మాలో ఎవరు ఏది అడిగినా మొదటి మాట అదే అయింది.

తర్వాత ఒక ఎండాకాలం పెద్దమ్మ చేతుల్లోంచి గ్లాసులు జారడం మొదలైంది. బెండకాయలు తెంపడంలో ఊళ్లో ఆమెను మించినవాళ్లు లేరు. అలాంటిది చింతపండులో గింజ తియ్యలేకపోయింది. నడుస్తుంటే కాలు తడబడేది. డాక్టరు చూసి, మెడ దగ్గర ఎముక నరాన్ని నొక్కుతోంది, పెద్ద అయస్కాంతంతో తీసే ఎమ్మారై స్కాను చూస్తే గాని ఆపరేషన్ ఎక్కడ చెయ్యాలో తెలియదు, జాగు చేస్తే నడక పోతుంది, పోయింది తిరిగి రాదు అన్నాడు. స్కాను గది ముందర గాజులు, మెట్టెలు తీస్తూ పెద్దమ్మ మామూలుగా అంది, "చెవిల గూడ ఏందో ఉన్నది, అది రాదు." స్కాను తీసే అతను అక్కడితో ఆపేశాడు. పెద్దమ్మ వయసులో ఉండగా చెవి వినపడక ఆపరేషన్ చేయించుకున్న మాట మా ఎవరికీ తెలియదు. వేరే రకం స్కాను తీస్తే చెవి లోపల, చిన్న ఎముక బదులు పెట్టిన వెంట్రుకంత తీగ కనిపించింది. అది ఏ లోహమో ఆ బొమ్మ చెప్పదు. అయస్కాంతానికి లాగే రకమైతే లోపల కదిలి ఏమైనా చెయ్యొచ్చు. వెన్నులోకి మందు ఎక్కించి చూసే దారి ఒకటి ఉంది గాని, ఆ మందు ఆమెకు పడదని పాత అనుభవమే.

"పోతె చెవే గద, పోనీరి. గిన్నేండ్లు ఇన్నదంత సాలు, నాకు కాళ్లు గావాలె" అంది పెద్దమ్మ. డాక్టరు ఒప్పుకోలేదు.

ఆపరేషన్ చేసిన దవాఖాన ఎప్పుడో మూతపడింది. చేసిన డాక్టరు పోయాడు. కేసు కాగితాలు తుక్కులోకి వెళ్లాయి. అన్న దిగులుగా కూర్చుంటే, వదిన ముఖంలో నాకు బాగా తెలిసిన ఒక కళ వచ్చింది. మొండి ప్రశ్న దొరికినప్పుడు మా అందరికీ వచ్చే కళ అది. అత్తగారి ప్రాణం మీదికొచ్చినప్పుడు కూడా ఆ కుతూహలం ఆగదు, మా జాతి అలాంటిది. ఆ చెవి డాక్టరు తను చేసిన ఆపరేషన్ల గురించి ఎక్కడో రాసే ఉంటాడని ఆమె నమ్మకం. నన్ను కూడా తోడు తీసుకుపోయి, తన లైబ్రరీలోనే డాక్టర్ల సంఘం పాత పత్రికలు ముందేసుకుని కూర్చుంది. మూడో రోజు దొరికింది. పెద్దమ్మకు ఆపరేషన్ అయిన ఆ సంవత్సరాల్లో తాను ఒకే కంపెనీ తీగ వాడానని, దాని వివరాలు ఇదే సంచిక చివర కంపెనీ ప్రకటనలో ఉన్నాయని ఆయన రాశాడు. వదిన గబగబా చివరికి తిప్పింది. చివర ఏమీ లేదు.

ఇక్కడ మా పని తీరు ఒకటి చెప్పాలి. పత్రికలు ఏడాదివి ఒకచోట చేర్చి గట్టి అట్టతో బైండు చేయిస్తాం. బైండుకు పంపే ముందు పై అట్టలు, ప్రకటనల కాగితాలు చింపి పారేస్తాం. పుస్తకం లావెక్కదు, అల్మరాలో చోటు మిగులుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చదువుకున్నప్పుడే మాకు అలా నేర్పారు. వదిన లైబ్రరీలో బైండ్లు చూసి మేమంతా కుళ్లుకునేవాళ్లం. ఆ ముచ్చటైన బైండు ఒళ్లో పెట్టుకొని ఆమె కాగితాలు చింపిన చోట వేలితో తడిమింది. చివరకు "నేనే చింపిచ్చిన" అంది. నా లైబ్రరీలో నేనూ చింపిస్తాను కదా.

మిగతా లైబ్రరీలకు ఫోన్లు చేశాం. పెద్ద పెద్ద చోట్ల అందరి దగ్గరా ఆ సంచిక ఉంది, వ్యాసం ఉంది, చివరి కాగితాలు లేవు. అందరం ఒకే బడి పిల్లలం మరి. అలా వారాలు గడిచాయి. పెద్దమ్మ గోడ పట్టుకొని నడిచే స్థితికి వచ్చింది. చిన్న లైబ్రరీల మాట అప్పుడు గాని తట్టలేదు, వదిన గ్రూపులో పెట్టింది. ఫలానా పత్రిక, ఫలానా సంచిక, ప్రకటనలు చింపనిది కావాలి, అంతే రాసింది. నేను పక్కనే ఉన్నాను. నిమిషంలో కరీంనగర్ దిక్కు నుంచి ఒకతను అడిగాడు, "ఎవరికి అక్కా? ఎందుకు?"

వదిన ఆ మాటలను కొత్తగా చూసినట్టు చూసింది. ఎన్నేళ్లుగా ఎంతమందిని అడిగిందో, తనను ఎవరూ అడగలేదు. కళ్లు తుడుచుకొని రాసింది, "మా అత్తకు. నడవాలె."

ఆ కరీంనగర్ తమ్ముడిది మా అందరిలోకీ చిందరవందర లైబ్రరీ. ఒక పాత దవాఖానకు అనుబంధం. బైండింగుకు ఏనాడూ డబ్బులు మంజూరు కాక పత్రికలన్నీ పురికొసతో కట్టలు కట్టి పెట్టేవాడు. కలిసినప్పుడల్లా వదిన అతన్ని, నీది లైబ్రరీనా గడ్డివామా అని చీవాట్లు పెట్టేది. అతను ఆ వామును దులపడానికి వారం పట్టింది, కట్టల మీద ఏ ఏడాదివో రాసిపెట్టే అలవాటు కూడా లేదాయె. ఎనిమిదో నాడు ఫొటో వచ్చింది. మూల ఎలుక కొరికిన రంగు కాగితం. కంపెనీ పేరు, తీగ బొమ్మ, కింద సన్నని అక్షరాల్లో తీగ ప్లాటినం అని. ప్లాటినాన్ని అయస్కాంతం లాగదు. వదిన వెంటనే ఫోన్ చేసి, "తమ్మీ, ఆ కట్ట ముట్టకు. బైండుకు గిన పంపేవు" అని మొత్తుకుంది. "మాకు బైండు ఏడున్నదక్కా, నువ్వు ఫికర్ చెయ్యకు" అని అతను నవ్వాడు. మర్నాడు ఆ సంచికను సంచిలో పెట్టుకొని, రెండు బస్సులు మారి తానే ఇబ్రహీంపట్నం తెచ్చి ఇచ్చాడు. పెద్దమ్మ అతనికి దగ్గరుండి కోడికూర వడ్డింపించింది.

డాక్టరు వ్యాసం, ప్రకటన రెండూ చదివాడు. తమ దవాఖానలోని చెవి డాక్టరును కూడా పిలిచి మాట్లాడి, సరేనన్నాడు. ప్లాటినం బంగారం కంటే తక్కువదేం కాదని ఎవరో చెప్పగా పెద్దమ్మ నాతో, "సూస్తివా, మీ పెదబాపు నాకు పుస్తె తప్ప ఏం జేపియ్యలె అనుకున్న, చెవిల గింత సొమ్ము పెట్టిచ్చిండు" అని స్కాను బల్ల మీద పడుకునేదాకా నవ్వుతూనే ఉంది. ఆపరేషన్ అయింది. వానాకాలం పోయేసరికి గోడ వదిలేసి నడిచింది.

కాళ్లు వచ్చాయి, కుడి చెయ్యి వచ్చింది. ఎడమ చేతి రెండు వేళ్లు రాలేదు. ఇంకాస్త ముందు వచ్చి ఉంటే అవి కూడా వచ్చేవని డాక్టరు మామూలుగా అన్నాడు, ఆ కాగితాలు చింపించింది ఎదురుగా ఉన్న మనిషేనని ఆయనకేం తెలుసు. ఇప్పుడు వదిన రిటైరై ఇంట్లోనే ఉంటుంది. పెద్దమ్మ పక్కన కూర్చొని ఆ రెండు వేళ్లకు రోజూ నూనె రాస్తుంది. "ఎందుకే, అవి రావు, ఇడిసిపెట్టు. నడుస్తున్న గద" అంటుంది పెద్దమ్మ. వదిన వినదు. పెద్దమ్మ నడకను వెతికి తెచ్చుకోగలిగాం గాని, ఆ రెండు వేళ్లు మాత్రం మేం వెతుకుతూ పోగొట్టుకున్న వారాల్లోనే ఉండిపోయాయి. ఆ వారాలను తెచ్చిపెట్టే లైబ్రరీ మాలో ఎవరి దగ్గరా లేదు.