వదిన ఆది రైక

ఇప్పటి పిల్లలు అంగట్లో నిలబడి, లోపలి బాడీకి ఫలానా నంబరు కావాలని ఉప్పూ పప్పూ అడిగినంత తేలిగ్గా అడుగుతుంటే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మా కాలంలో ఆ మాట ఇంట్లో ఆడవాళ్ల మధ్య కూడా పెదవి దాటేది కాదు. అసలు మా కనకమామిడిలో రైక అంటే ముందు ముడి వేసుకునే రైకే. దాని లోపల ఇంకొకటి ఉంటుందని ఇరవై ఒకటో ఏట మొయినాబాదులో క్రైస్తవ మిషను బడి టీచరుగా చేరేదాకా నాకు తెలియదు. చేరిన మొదటి వారమే బోర్డింగు చూసుకునే పెద్దమ్మ (చుట్టం కాదు, ఆమెను అందరూ అట్లాగే పిలిచేవారు) నన్ను పక్కకు తీసుకుపోయి, టీచరమ్మలు రైక కింద బాడీ తొడుక్కోవాలనీ, ఛాతి నిండుగా ఉన్న నాలాంటిదానికి అది మరీ అవసరమనీ, నా వైపు కాక గోడ వైపు చూస్తూ చెప్పింది. అవి యుద్ధం రోజులు, బట్టంతా కంట్రోలు, చీటీ మీదే దొరికేది. పాపం ఆవిడే తన పెట్టెలోంచి గజం తెల్లగుడ్డ తీసి ఇచ్చి, చేవెళ్లలో మేర తాత దగ్గర కుట్టించుకొమ్మంది.

మేర తాత చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ దర్జీ. ఆడమనిషి మీద టేపు పెట్టడం ఆయన ఇంటా వంటా లేదు. ఎవరికి ఏది కుట్టాలన్నా, సరిగ్గా సరిపోయే పాత రైక ఒకటి తెచ్చి ఇవ్వాలి. దాన్నే ఆది రైక అనేవారు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ తాత ఆ ఆదిని దుకాణం ముందు రెండు భుజాలూ పట్టి ఎండకు ఎత్తి చూసి, తర్వాత ఒళ్లో పరుచుకుని జానలు పెట్టి కొలిచి, లోపల కుట్టుమిషను మీద కూర్చున్న తమ్ముడికి వినబడేట్టు ఆ లెక్కంతా అరిచి చెప్పేవాడు. మా ఊరి పటేలమ్మ ఛాతి ఎన్ని జానల ఎన్ని వేళ్లో చేవెళ్ల అంగట్లో ఉల్లిగడ్డలు అమ్మేవాళ్లకు కూడా తెలుసు. నా లెక్క కూడా అట్లా బజారున పడనివ్వకూడదనుకున్నాను. అందుకని నేనొక తెలివైన పని చేశాను. మా వదిన బక్కపలచటి మనిషి. ఆమె పాత రైక ఒకటి అడిగి తెచ్చి, నాదేనని చెప్పి తాత చేతిలో పెట్టాను. ఆయన దాన్ని ఎత్తి చూశాడు, నన్ను చూశాడు. లెక్క యథాప్రకారం అరిచాడు. వదిన లెక్కే కదా, నేను తల ఎత్తుకునే నిలబడ్డాను.

బాడీ వచ్చింది. తొడుక్కోవాలంటే ఊపిరంతా వదిలేసి, గోడకు ఆనుకుని, వెనక కొక్కేలు ఒక్కొక్కటే పెట్టుకోవాలి. పెట్టుకున్నాక అద్దంలో చూసుకుంటే ఛాతి చదునుగా అణిగిపోయి ఉంది. అమ్మయ్య, ఇక ఎవరి కళ్లూ పడవనుకున్నాను. నెల తిరగకముందే భుజాల మీద ఎర్రటి గాట్లు పడ్డాయి, పక్కటెముకల చుట్టూ వాతలు తేలాయి. కీర్తన పాడితే చరణం సగంలో ఊపిరి అయిపోయేది. మధ్యాహ్నానికల్లా ఛాతిలో నొప్పి. సాయంత్రం గదికి పోయి బాడీ విప్పగానే తగ్గిపోయేది. (బుద్ధి ఉన్నదైతే అక్కడే తెలుసుకునేది. నాకు ఆ సరుకు ఆలస్యంగా దొరికింది.) బడిలో పిల్లలకు చెప్పే ఆరోగ్య పాఠం తెరిచి చూస్తే, ఛాతి నొప్పి, ఆయాసం, నీరసం అన్నీ క్షయ అన్న మాట కిందే రాసి ఉన్నాయి. మనిషి చిక్కిపోతుందని కూడా ఉంది. నేను చిక్కలేదు. అయినా సరే, అది పైకి కనబడని రకం క్షయ అయి ఉంటుందని నిశ్చయించుకున్నాను.

నవ్వకండి. అంతకు ముందు ఏడు మా బడి టీచరమ్మ ఒకామెకు ఆ జబ్బే వస్తే కొండ మీది దవాఖానకు పంపారు. ఆమె చాపా దుప్పటీ బోర్డింగు వెనక తగలబెట్టారట. ఆమె తిరిగి రాలేదు. ఛాతి జబ్బు ఉన్నవాళ్లు పిల్లల మధ్య ఉండకూడదని నియమం. బడి పోతే నాకు మళ్లీ కనకమామిడే, అన్న చేలో కలుపే. అంతకంటే పెద్ద భయం పిల్లల గురించి. ఒకటో తరగతిలో ఒక చిన్న పిల్ల ఉండేది, అందరూ బుడ్డి అనేవారు. తల్లి లేని పిల్ల. పలక పట్టుకుని నేరుగా నా ఒళ్లో వచ్చి కూర్చుంటే తప్ప దానికి అక్షరం వచ్చేది కాదు. నా జబ్బు దానికి అంటుకుంటుందని దూరంగా కూర్చోమన్నాను. రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు అక్కడి నుంచే, "టీచరమ్మా, నేనేం తప్పు జేసిన?" అని అడిగింది. నేను బావి దగ్గరికి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను.

అప్పటినుంచి చావుకు సిద్ధపడడం మొదలుపెట్టాను. నా ఆస్తి పంపకం మనసులోనే చేసేశాను. ఇనుప పెట్టె చెల్లెలికి, కీర్తనల పుస్తకం పెద్దమ్మకు, గొడుగు అన్నకు. వదినకు ఏమివ్వాలో తోచలేదు. చివరికి, ఆమె రైక ఆమెకే తిరిగి ఇచ్చేయాలని గుర్తుకొచ్చింది.

రెండు మూడు నెలలకొకసారి పట్నం నుంచి డాక్టరమ్మ వచ్చి బడిలో అందరినీ చూసేది. వచ్చే సోమవారం వస్తుందని పెద్దమ్మ చెప్పిన దగ్గరనుంచి నాకు అన్నం సయించలేదు. ఆ రోజు వరుసలో వెనక్కి వెనక్కి జరిగి, అందరికంటే చివర నిలబడ్డాను. డాక్టరమ్మ వికారాబాదు వైపు మనిషి, నెరిసిన జుట్టు, తక్కువ మాటలు. రైక వెనక నుంచి కొంచెం పైకెత్తి, వీపు మీద గొట్టం ఆనించి గట్టిగా ఊపిరి తీయమంది. తీశాను, సగం దాకా కూడా పోలేదు. ఇంకా గట్టిగా అంది. ఇక దాచి లాభం లేదు, బతుకో చావో తేలిపోనీ అని, ఉన్న బలమంతా పెట్టి పీల్చాను. వెనక పటపటమని చప్పుడైంది. ఏదో ఎగిరిపోయి చేతులు కడుక్కునే పళ్లెంలో టంగుమని పడింది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"విరిగిందా అమ్మా?" అన్నాను.

"ఏంది?"

"పక్కటెముక."

డాక్టరమ్మ పళ్లెంలోంచి కొక్కెం తీసి, నా అరచేతిలో పెట్టింది. తర్వాత తెర వెనక్కు తీసుకుపోయి భుజాల మీది గాట్లు, చుట్టూ ఉన్న వాతలు చూసింది. నా కథ ముగిసిందనే అనుకున్నాను.

"ఇది ఎవరి కొలతకు కుట్టించినవ్ బిడ్డా?"

అబద్ధం చెప్పే ఓపిక కూడా లేకపోయింది. "మా వదినది" అన్నాను. అక్కడినుంచి మొత్తం కక్కేశాను. తాత అరుపులు, ఉల్లిగడ్డలవాళ్లు, క్షయ, బుడ్డి, గొడుగు పంపకం కూడా. ఆమె అంతా విని, మళ్లీ గొట్టం పెట్టి, ఈసారి వదులుగా ఉన్న ఛాతి మీద, ఊపిరి తీయించి వదిలించింది. ఊపిరితిత్తులు గుర్రానికున్నట్టున్నాయనీ, ఏ జబ్బూ లేదనీ అంది. నేను నమ్మలేక మూడుసార్లు అడిగాను. మూడోసారి కసిరింది.

ఆ తర్వాత టేపు తీసి రెండు కొలతలు తీసుకుంది. ఒకటి ఛాతి కింద, పక్కటెముకల చుట్టూ. రెండోది నిండుగా ఉన్నచోట. "ఈ రెంటికి నడుమ ఎంత తేడా ఉన్నదో ముందటి గిన్నెలల్ల అంత జాగ ఉండాలె. బరువు మోసేది కింది పట్టీ, నీ భుజాలు గాదు" అంది. మేరవాళ్ల ఇంట్లో ఎవరికీ టేపు అంకెలు రావని నేను చెబితే, ఒక దారం తెంపి, మొదటి కొలతకు ఒక ముడి, రెండో కొలతకు ఇంకో ముడి వేసి ఇచ్చింది. దీన్ని తాతకు ఇవ్వొద్దు, ఇంట్లోకి పోయి ఆయన భార్యకు ఇవ్వు, ఆమెకూ కుట్టుపని వచ్చు అంది.

మరుసటి శనివారం చేవెళ్ల పోయాను. చచ్చే జబ్బు లేదని తెలిసినా తాత చూపు తప్పించుకునే ఆ గడప దాటాను. మేర అవ్వ దారం చేతిలోకి తీసుకుని, రెండు ముళ్ల మధ్య వేలితో తడిమి చూసి, మొదటిసారి మిగిలిపోయిన గుడ్డ మీద బొగ్గుతో గీతలు పెట్టుకుంది. నోరు తెరిచి ఒక్క అంకె అనలేదు. తాత అట్లా ఎందుకు అరుస్తాడని భయంభయంగా అడిగాను.

"మా మరిదికి చెవులు వినరావు బిడ్డా, గందుకే మొత్తుకుంటడు" అంది అవ్వ. "నీ లెక్కనే అందరు సిగ్గుపడి ఎవరెవరియో ఆదిలు ఇచ్చిపోతరు. ఈ అంగట్ల సగం మంది మరదళ్ల రైకలల్లనే ఊపిరి బిగవట్టుకొని తిరుగుతున్నరు. ఒక్క మీ పటేలమ్మనే తన ఆది తాను ఇస్తది. ఆమె నడక జూడు, ఎంత సుఖంగ నడుస్తదో."

నాకు పటేలమ్మ కళ్ల ముందు మెదిలింది. ఇన్నాళ్లూ ఆమెను చూసి నేను జాలిపడుతూ వచ్చాను.

కొత్తది ఒక్కో వైపు మూడు ముక్కలు కలిపి, గిన్నెల్లా వచ్చేట్టు, కింద వెడల్పాటి పట్టీతో కుట్టింది అవ్వ. తొడిగించి ఊరికే పంపలేదు. రోకలి ఎత్తి దంచినట్టు చేతులు ఆడించమంది. కలుపు తీసినట్టు వంగమంది. పట్టీ పైకి జారలేదు, భుజాలు కోయలేదు. ఇక జర నవ్వమంది. భయంతో నవ్వు రాలేదు. వదినకు నేను మనసులో పంచిపెట్టిన ఆస్తి సంగతి చెప్పాక, ముందు ఆమె నవ్వింది, ఆమెను చూసి నేనూ నవ్వాను. కొక్కేలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

సోమవారం హాజరు పిలిస్తే నా గొంతు వెనక బల్ల దాకా పోయింది. బుడ్డి దూరంగా తన చోట కూర్చుని నన్నే చూస్తున్నది. రమ్మని చేయి చాపాను. పలక అక్కడే పడేసి ఉరికొచ్చి ఒళ్లో కూలబడింది. ఆ రోజు దానికి ఒక్క అక్షరం కూడా చెప్పలేదు.

మొన్న నా మనవరాలు నన్ను పట్నంలో పెద్ద దుకాణానికి తీసుకుపోయింది. అక్కడి పిల్ల టేపు చుట్టగానే పాత అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టాను. మామూలుగా ఉండు అమ్మమ్మా అని మనవరాలు కసిరింది. అంతటితో ఊరుకుందా, నా నంబరు దుకాణం ఆ చివర ఉన్నవాళ్లకు వినబడేట్టు, అచ్చం మేర తాతలా అరిచి చెప్పింది. నాకు చెవులు వేడెక్కాయి. మెల్లగా తల తిప్పి చుట్టూ చూశాను. ఒక్కరు కూడా ఇటు చూడలేదు. ఇంకా కొంచెంసేపు ఆగి కూడా చూశాను. వదిన రైక చంకలో దాచుకుని చేవెళ్ల బజారులో నిలబడ్డ ఆ ఇరవై ఒక్కేళ్ల పిల్ల ఇప్పుడు నా పక్కన ఉంటే బాగుండుననిపించింది. చూడవే, ఎవరికీ పట్టలేదు, ఊపిరి తీసుకో అని చెప్పేదాన్ని.