లేబుల్ టీచరూ, యాభై ఏళ్ళ సంఘమూ

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. ముప్ఫైనాలుగేళ్ళు ఆడపిల్లల బడిలో హోంసైన్సు చెప్పిన ఆవిణ్ణి పిల్లలంతా లేబుల్ టీచర్ అనేవాళ్ళు. మొదట్లో చాటుగా, పోనుపోను మొహం మీదే. ఆవిడ ఏనాడూ కోప్పడలేదు. ఏటా మొదటిరోజు బల్ల మీద ఒక బిస్కెట్ల పొట్లం పెట్టి, "దీని ముందువైపు చూసి మురిసినవాళ్ళకి సున్నా. వెనక్కి తిప్పి చదివినవాళ్ళకి పది మార్కులు" అనేది. పిల్లలు భూతద్దం లాక్కుంటూ, చక్కెర ఎంత, నూనె ఏది, ఎప్పటిలోగా తినాలి అని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి చదివేవాళ్ళు.

ఆ గదిలో ఆరు కుట్టు మిషన్లుండేవి, రెండు ఎప్పుడో మూలపడ్డాయి. ఒక త్రాసు, మసిబారిన స్టవ్వులు రెండు, గోడ పొడుగునా ఖాళీ డబ్బాల అర. గుడ్డ మీద మరక తియ్యడం దగ్గర్నుంచి చంటిపిల్లకి పాలు కలపడం, అద్దె ఒప్పందం చదవడం దాకా అన్నీ అక్కడే నేర్చుకునేవాళ్ళు. ఒప్పందం పాఠం రోజున మాత్రం ఆవిడ గొంతు గట్టిపడేది. "చదవకుండా సంతకం పెట్టే చెయ్యి ఉంటేనేం, లేకపోతేనేం" అనేది. కాపురాలు చేసుకుంటున్న పాత విద్యార్థినులు ఫ్రిజ్జు పాడైనా, ఇంటివాడు పేచీ పెట్టినా, కాయితాలు పట్టుకుని ఇప్పటికీ ఆవిడ గుమ్మంలోకే వస్తారు.

ఆ సబ్జెక్టంటే ఆ రోజుల్లో మిగతా మేష్టర్లకి చులకన. "మీకేమండీ, వండుకు తినడమే పాఠం" అని స్టాఫ్‌రూములో ఎకసెక్కాలాడేవాళ్ళు. ఆ మాటలు పడలేకే యాభై ఏళ్ళ కిందట పదకొండు బళ్ళ హోంసైన్సు టీచర్లు, ఒక స్టోరు గదిలో విరిగిన బెంచీల మధ్య కూచుని సంఘం పెట్టుకున్నారు. అందరిలోకీ చిన్నది లేబుల్ టీచరే. ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కాలేదు.

సంఘం చేసిన మొదటి పని గురించి చెప్పేటప్పుడు ఆవిడ కుర్చీలో కూచోదు, లేచి నిలబడాల్సిందే. బజారులో అమ్మే చంటిపిల్లల పాలపొడి డబ్బాలో ఒక కొలత చెంచా వచ్చేది. ఆ చెంచాలో డబ్బా మీద రాసినంత పొడి పట్టడం లేదని ఒక బాలింత అనుమానపడింది. పదకొండు మందీ పదకొండు దుకాణాల్లో డబ్బాలు కొని బడి త్రాసుల్లో తూచారు. చెంచాకి నాలుగో వంతు తక్కువ. చెప్పినట్టే కలిపిన తల్లి కూడా బిడ్డకి నీళ్ళపాలే పడుతోందన్నమాట. డబ్బాలన్నీ సంచుల్లో మోసుకెళ్ళి తూనికల అధికారి బల్ల మీద గుమ్మరించారు. "మీకెందుకమ్మా ఇవన్నీ?" అన్నాడాయన. కూచోమనలేదు, వీళ్ళు కదల్లేదు. మూడు నెలల్లో చెంచా మారింది. ఆ తరవాత స్టాఫ్‌రూములో ఎవరూ వండుకు తినడం ఊసెత్తలేదు.

ఇప్పుడావిడకి డెబ్బైమూడు. భర్త పోయాక చెల్లెలితో ఉంటోంది. టెలిఫోన్ ఆఫీసులో జీవితమంతా మాట్లాడే ఉద్యోగం చేసి రిటైరైన ఆ చెల్లెలికి నోరు ఒక్క క్షణం ఊరుకోదు. ఒక ఉదయం ఫోను చెల్లెలే ఎత్తి, "అక్కా, నీకే. ఎవరో గొంతులో తేనె పోసుకుని మాట్లాడుతున్నారు" అని అందించింది.

"టీచర్, నేనండీ, మీ రెండో బెంచీని."

అంటే సంఘానికి ఇప్పటి అధ్యక్షురాలు. బడిలో రెండో బెంచీలో కూచునేది. లేబుల్ టీచరు దగ్గర చదువుకుని, ఆవిడ ప్రోద్బలంతోనే హోంసైన్సులో చేరిన పిల్ల. స్వర్ణోత్సవం చేస్తున్నామనీ, సంఘం చరిత్ర మీరే రాయాలనీ, సభలో మిమ్మల్ని సత్కరించకపోతే మాకు తృప్తి ఉండదనీ చెప్పింది. టీచరు వారం రోజులు కూచుని ఆరు పేజీలు రాసింది. అందులో రెండు పేజీలు ఆ చెంచా కథే.

సభకి పది రోజుల ముందు ప్రత్యేక సంచిక పోస్టులో వచ్చింది. కళ్ళజోడు తుడుచుకుని తెరిచింది. ఆరు పేజీలు ఒక పేజీ అయ్యాయి. చెంచా కథ ఉండాల్సిన చోట ఒకే వాక్యం: తొలినాళ్ళలో సంఘం శిశు పోషణపై చైతన్యం కలిగించింది. డబ్బాల్లేవు, త్రాసు లేదు, తూనికల అధికారి లేడు.

"వెనక చూశావా?" అంది చెల్లెలు.

వెనక అట్ట నిండా జిరాఫీ. పిల్లలు పొడుగ్గా ఎదగడానికని టీవీలో ఊదరగొడుతున్న ఎదుగుదల పొడి డబ్బాకి అది గుర్తు. జిరాఫీ పొట్ట మీద గుండ్రంగా ఒక ముద్ర: గృహవిజ్ఞాన ఉపాధ్యాయినుల సంఘం ఆమోదించినది.

"మీ ముద్ర భలే అమిరిందే, జిరాఫీకి బొడ్డులా" అని చెల్లెలు నవ్వబోయి, అక్క మొహం చూసి ఆగిపోయింది.

లేబుల్ టీచరు చెప్పులేసుకుని వీధి మలుపులోని దుకాణానికి వెళ్ళి డబ్బా కొనుక్కొచ్చింది. కిటికీ దగ్గర నిలబడి వెనక్కి తిప్పింది. అన్నిటికన్నా ముందు చక్కెర. తరవాత పిండి. తరవాత రంగు, వాసన. పాలు ఎక్కడో ఆఖరి వరసలో నక్కి ఉన్నాయి. దీన్ని తాగిన పిల్ల పొడుగవడం మాట దేవుడెరుగు, ముందు పళ్ళు పుచ్చిపోతాయి. మూత తీస్తే గుప్పుమన్న తీపి వాసనకి ఆవిడకి వెగటు పుట్టింది. డబ్బా అక్కడే వదిలేసి బస్సెక్కి సంఘం ఆఫీసుకి వెళ్ళింది.

ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. అధ్యక్షురాలు అక్కడే బ్యానర్ల అచ్చు చూసుకుంటోంది. టీచర్ని చూడగానే లేచి కుర్చీ లాగింది.

"ఎవరిచ్చారే ఈ ముద్ర?" అంది టీచరు, కూచోకుండానే.

"కూచోండి టీచర్. మంచినీళ్ళు తాగండి."

"నీళ్ళు తరవాత. అడిగిందానికి చెప్పు."

అధ్యక్షురాలు కాసేపు బ్యానరు అంచు మడతపెట్టింది. "ఇప్పటిది కాదు టీచర్, ఏడేళ్ళయింది. సభ్యులందరూ ఒప్పుకున్నదే. అప్పుడు మీరూ ఉన్నారు."

"నేనా? నేనుండగా ఇలాంటిది జరగనిస్తానా? చాల్లే."

"మినిట్సు పుస్తకం తెమ్మంటారా?" ఆ అమ్మాయి గొంతులో వెటకారం లేదు. అందుకే టీచరు అప్పుడు కూచుంది.

గుమాస్తా పుస్తకం తెచ్చి, తడి వేలితో పేజీలు తిప్పి ఒక చోట ఆపాడు. మొత్తం తొమ్మిది తీర్మానాలు. ఎనిమిదోది, ఫ్యాను బాగుచేయించడం గురించి. తొమ్మిదోది, పిల్లల పోషకాహార సంస్థలకు సంఘం ముద్ర వాడుకునే అనుమతి. కింద సంతకాల వరసలో నాలుగోది ఆవిడదే. బ్లాక్‌బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా, పొందిగ్గా ఉంది.

ఏడేళ్ళ కిందటి ఆ మధ్యాహ్నం ఆవిడకి గుర్తొచ్చింది. చెల్లెలికి కంటి ఆపరేషన్ ఆ రోజే. ఆస్పత్రికి వేళవుతోందని ఆవిడ కుర్చీ చివర కూచుంది. పుస్తకం చేతికొచ్చింది. ఇదే గుమాస్తా వేలు పెట్టి చూపించిన చోట గబగబా సంతకం గీకి లేచి వెళ్ళిపోయింది. చదవలేదు. ఒక్క అక్షరం చదవలేదు.

"ఛీ" అంది. ఎవరినో ఎదుటివాళ్ళకి తెలియలేదు.

మెట్లు దిగుతూ సగంలో గోడ పట్టుకుని నిలబడిపోయింది. ముప్ఫైనాలుగేళ్ళలో ఎంతమంది పిల్లలకి చెప్పుంటుంది ఆ మాట! ఒకసారి ఒక పిల్ల సెలవు చీటీ మీద చదవకుండా సంతకం పెట్టిందని క్లాసు బయట నిలబెట్టింది కూడా. ఆ పిల్ల మొహం ఇప్పుడు కళ్ళకి కట్టినట్టు కనిపించింది. సంఘం మీద పుట్టిన రోతకన్నా తన మీద పుట్టిన రోత పదింతలైంది. ఇంటికొచ్చి సబ్బుతో చేతులు కడుక్కుంది. చెల్లెలికి జరిగింది చెప్పింది.

"నా కంటి మూలాన వచ్చిందా ఇదంతా?" అంది చెల్లెలు.

"నీ కంటిదేముంది, నాకు రెండు కళ్ళుండీ చూడలేదు."

"అయితే సభకి పోకు."

"పోతాను. పోకపోతే నా సంతకం ఒక్కటే మిగులుతుంది అక్కడ."

సభ ఉదయం పది గంటలకి, చలి పుట్టించే ఏసీ హాల్లో. గుమ్మంలో సంఘం పెట్టినవాళ్ళ ఫొటోలు ఒక బోర్డుకి అంటించారు, సగం మంది పేర్లు తారుమారు. బోర్డు పక్కనే జిరాఫీ వేషంలో ఒక మనిషి గెంతుతున్నాడు. లేబుల్ టీచర్ని చూసి "వెల్‌కం అమ్మమ్మా" అంటూ కౌగిలించుకోబోయాడు. ముతక బొచ్చు గుడ్డ చెంపకి తగిలింది, దాన్నిండా చెమట కంపు. ఆవిడ తోసేసింది. ఫొటోగ్రాఫరు మాత్రం అప్పటికే నొక్కేశాడు.

కుర్చీల్లో కూచున్న మూడొందల మందికీ కాగితపు కప్పుల్లో ఆ పొడి కలిపిన పానీయం పంచారు. అందరూ హోంసైన్సు టీచర్లే. అందులో ఏముందో తెలియనివాళ్ళు ఒక్కళ్ళు లేరు. ఒకావిడ పెదవి తడుపుకుని కప్పు కుర్చీ కింద పెట్టింది. ఇంకొకావిడ అటూ ఇటూ చూసి పూలకుండీలో వంచేసింది. కాసేపట్లో ఆ కుండీ మట్టి మీద గులాబీరంగు నురగ తేలింది, ఈగలు ముసిరాయి. వేదిక మీదేమో కంపెనీ మనిషి, మీ ఆమోదమే మాకు శ్రీరామరక్ష అంటున్నాడు. వీళ్ళు చప్పట్లు కొడుతున్నారు.

అంతకన్నా ఘోరం పక్క కుర్చీలో జరిగింది. ప్రతివాళ్ళకీ ఒక సంచి, సంచిలో పెద్ద డబ్బా ఇచ్చారు. "ఏం చేసుకుంటారండీ దీన్ని?" అని ఒక టీచరు అడిగితే, రెండోది తేలిగ్గా, "మా పనమ్మాయికి ఇచ్చేస్తాలెండి. దాని పిల్లలు తాగుతారు" అంది.

లేబుల్ టీచరు ఆవిడకేసి తిరిగి, "నీ పిల్లలకి పట్టవు కదా?" అని అడిగింది.

"అయ్యో, మా పిల్లలకెందుకండీ ఈ చక్కెర!" అంది ఆవిడ నవ్వుతూ. తానేం అందో ఆవిడకి తట్టనే లేదు.

అంతలో మైకులో పిలుపు వచ్చింది. లేబుల్ టీచరు మెట్లెక్కి, రాసుకొచ్చిన కాగితం మడిచి చేతిసంచిలో పెట్టేసుకుంది. చెంచా కథ మొత్తం చెప్పింది. తరవాత ఇలా అంది:

"ఈ డబ్బా మీద మన ముద్ర ఉంది. ఆ తీర్మానం కింద నా సంతకం ఉంది. నేను చదవకుండా పెట్టాను. పిల్లలకి చెయ్యొద్దని చెప్పిన పనే చేశాను. ఇన్నాళ్ళకి చదివాను. ఇందులో పిల్లలకి పనికొచ్చేది ఏమీ లేదు. మీ అందరికీ ఆ సంగతి తెలుసు. తెలిసే కుండీల్లో పోశారు. నా సంతకం నేను వెనక్కి తీసుకుంటున్నాను. మీరు ముద్ర వెనక్కి తీసుకోండి."

మైకు దగ్గర్నుంచి కదలకుండా హాలంతా కలయజూసింది. ఎవరైనా లేచి నిలబడతారనుకుంది. వెనక వరసలో ఎవరో అలవాటుకొద్దీ చప్పట్లు మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. సభ మొదట్లో పిల్లలు పాడిన పాటకి కొట్టినట్టే, కంపెనీ మనిషి ఉపన్యాసానికి కొట్టినట్టే. కంపెనీ మనిషి కూడా కొట్టాడు. "పెద్దవారి నిజాయితీ మనందరికీ ఆదర్శం" అంటూ యాంకరమ్మ మెమెంటో తెచ్చి చేతిలో పెట్టబోయింది. టీచరు చేతులు వెనక్కి పెట్టుకుంది. అది తీసుకోకుండానే దిగిపోయింది.

బయటికొస్తుంటే నలుగురైదుగురు, "భలే మాట్లాడారు టీచర్, కడిగిపారేశారు" అని చెవిలో చెప్పారు. వాళ్ళ భుజాలకి సంచులు వేలాడుతున్నాయి.

"రాజీనామా పారెయ్" అంది చెల్లెలు ఇంట్లో.

"పారేస్తే వాళ్ళకి పీడ విరగడవుతుంది. ఆ సుఖం నేనివ్వను."

మరుసటి నెల సర్వసభ్య సమావేశంలో ఆవిడ ముద్ర రద్దు చెయ్యాలని తీర్మానం పెట్టింది. చేతులెత్తింది పదిహేడు మంది. ఎత్తనివాళ్ళు ఎనభై పైచిలుకు. పనమ్మాయికి డబ్బా ఇచ్చేస్తానన్నావిడ చెయ్యెత్తింది, ఎందుకోగాని టీచరు కళ్ళలోకి మాత్రం చూడలేకపోయింది. అధ్యక్షురాలు ఎత్తలేదు. సమావేశం అయ్యాక దగ్గరికొచ్చి, "టీచర్, నా మీద అసహ్యమేస్తోంది కదూ?" అంది.

"వేస్తోంది. అయితే నీది రెండో స్థానమే" అంది లేబుల్ టీచరు.

ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టీచరు ఓదార్చలేదు, అలాగని వెళ్ళిపోనూ లేదు. ఇద్దరూ ఒకే బస్సు కోసం ఒకే బెంచీ మీద కూచున్నారు.

ఏడాది తిరక్కుండానే డబ్బా మీంచి ముద్ర పోయింది. ఎవరికీ సిగ్గేసి కాదు. ఒక ఆటగాడి బొమ్మ వేస్తే సరుకు ఎక్కువ పోతుందని కంపెనీయే తీసేసింది. ఆ కబురు తెలిసిన రోజు ఆవిడ సంతోషించలేదు. డబ్బాలో పొడి మాత్రం అదే. ఆ పదిహేడు మందిలో ఆరుగురు ఇప్పుడు తమ బళ్ళలో ఆ డబ్బానే తెచ్చి లేబుల్ పాఠం చెబుతున్నారని విన్నప్పుడు మాత్రం, "ఆరుగురేనా?" అని మొహం చిట్లించి, వాళ్ళ ఫోను నెంబర్లు కనుక్కురమ్మని చెల్లెల్ని పురమాయించింది.